మూడో కూతకు తెల్లారేవాళ్ళు

ఆదివారం

ఒక్క తోడుమనిషికి ముగ్గురు పేషెంట్లే అని వార్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాకు ఐదుగురు. ఆ రాసినవాళ్ళెవరూ ఈ వార్డులో పనిచేయరు కాబట్టి గోడతో నాకు పేచీ లేదు.

ఇవాళ కొత్తగా వచ్చిన ముసలాయన పేరు ఓదెలు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఊరికి గాలి తోలే పెద్ద ఫ్యాను దగ్గర ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. మూడో గల్లీలో తన ఇంటి ముందే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కోతయంత్రం కాసేపట్లోనే విరిగిన ఎముక తీసి కొత్తది పెట్టేసింది. మా దిగువూరులో ఇప్పుడు ఒంట్లో ఏది చెడినా మార్చి ఇస్తారు. గుండె, మోకాలు, కంటిపాప, ఏదైనా సరే. వాళ్ళ చేతిలో లేనిది ఒక్కటే. మత్తిచ్చి పడుకోబెట్టిన ముసలివాళ్ళలో కొందరు లేచేసరికి వేరే మనుషులైపోతారు. కన్నకూతురిని పట్టుకుని నువ్వెవరంటారు. లేని చీమల్ని దుప్పటి మీద ఏరుతుంటారు. మబ్బు పట్టింది అంటాం ఇక్కడ. పైన ఎండకు తాళలేక పాత బొగ్గుగనుల్లోకి దిగిపోయిన జనం మేము, నిజం మబ్బు చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. మాట మాత్రం మిగిలింది.

ఆ మబ్బు పట్టకుండా చూడడమే నా ఉద్యోగం. లేవగానే కళ్ళజోడు పెట్టాలి. చెవిమిషన్ తగిలించాలి. పళ్ళసెట్టు కడిగి పెట్టాలి. గుక్క గుక్కగా నీళ్ళు పట్టాలి. మర్నాడే పట్టుకుని నడిపించాలి. పైకప్పు పలకలు వెలిగి ఉన్నంతసేపూ పగలు, ఆరిపోతే రాత్రి. పగలు కునుకు తీయనివ్వకూడదు, రాత్రి లేపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మంచం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ నేనెవరో, వాళ్ళు ఎక్కడున్నారో, ఇవాళ ఏ వారమో చెప్పాలి. చెప్పీ చెప్పీ నాకు రోత పుట్టింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి కూడా అదే మొదలుపెడతానేమో అని భయంగా ఉంది.

"నేను సరోజనను బాపూ. ఇది దవాఖాన. నీ తుంటి బొక్క మార్చిన్రు. ఇయ్యాల ఆదివారం," అన్నాను, ఓదెలు కళ్ళు తెరవగానే.

అందరూ నీళ్ళడుగుతారు. ఆయన మాత్రం "రాజవ్వ తిన్నదా?" అని అడిగాడు.

రాజవ్వ ఆయన భార్య. పోయినేడు పక్క వార్డులో ఆమెకు పిత్తాశయం తీశారు. మబ్బు పట్టింది, వదల్లేదు. కోత జరిగిన వారానికి పెట్టే ఎరుక పరీక్షలో ఒక్క జవాబూ చెప్పలేకపోయింది. ఆ పరీక్ష తప్పినవాళ్ళను దవాఖాన చివరనున్న ఊయల వార్డుకు పంపిస్తారు. అక్కడ మంచాలు మెల్లగా ఊగుతుంటాయి. గొడవ చేయకుండా మందేదో ఇస్తారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు. ఆమె ఎవరు పెట్టినా నోరు తెరవదట, ఓదెలు పెడితేనే తింటుందట. అందుకని ఆయన ఏడాదిగా ఒక్క రోజూ తప్పకుండా గిన్నె పట్టుకుని వస్తున్నాడు. కోతకు ఒప్పుకున్నది కూడా అందుకే, నడవలేకపోతే ఆమెకు బువ్వ పెట్టేదెవరని.

లోపలికి వచ్చేటప్పుడు ఇచ్చిన ఆయన బిళ్ళను తలుపు పక్కన పలక మీద తగిలించాను. బొగ్గు తవ్విన కాలం నాటి పద్ధతి ఇది. బిళ్ళ వేలాడుతుందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. మొదటి గల్లీవాళ్ళకు గుండ్రం బిళ్ళ, రెండో గల్లీకి నలుపలకలది, మూడో గల్లీకి మూడు మూలలది. ఇంటికి పోయేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుని పోతారు.

సోమవారం

రాత్రి డ్యూటీ పోశం పొద్దున్నే నా మీద విరుచుకుపడ్డాడు, ఆ ముసలాయన్ని కన్నది నేనే అన్నట్టు. పలకలు ఆరిన కాసేపటికి ఓదెలు లేచి కూర్చున్నాడట. కాళ్ళు కిందికి దించి చెప్పులెక్కడని అడిగాడట. పడుకోబెడితే మళ్ళీ లేచాడట. దినవారాలు చెప్పే పలుకుపెట్టెను ఎత్తి నీళ్ళ కూజాలో వేశాడు. ఆ సంగతి విని నాకు లోపల కొంచెం సంతోషమే కలిగింది. ఆ పెట్టె గొంతు వింటే నాకూ అలాగే అనిపిస్తుంది.

పొద్దున బాగానే ఉన్నాడు. కళ్ళజోడు తుడిచి పెట్టాను. ఇవాళ ఏ వారం బాపూ అంటే ఆదివారం అన్నాడు. కాదు, సోమవారం అని చెప్పాను. నా ముఖంలోకి కాసేపు చూసి, గట్లనా, అన్నాడు. పెద్దమనిషి, ఎదురు చెప్పలేదు.

పొద్దుటి పూటంతా కోతగదిలో పని ఉంటుంది కాబట్టి నడిపించడం, స్నానాలు, బువ్వ, డాక్టర్ రౌండు అన్నీ రెండో కూత తర్వాతే. ఊరి సైరన్ కూత ఇక్కడ వినపడదు, పేషెంట్లు ఉలిక్కిపడతారని వార్డు గోడలకు దూది కూరారు. మా మణికట్టు పట్టీ వణికితే కూత పడిందని తెలుసుకోవాలి. అది వణకగానే ఓదెలును లేపి నడకబండి చేతికిచ్చాను. నాలుగడుగులు వేశాడో లేదో నిలబడే తూలుతున్నాడు. పగలు కునుకు తీస్తే మబ్బు పడుతుందని మా గురువులు నూరిపోశారు. తడిగుడ్డతో మొహం తుడిచాను, భుజం తట్టాను, మాటల్లో పెట్టాను. కుర్చీలో వాలిపోయినప్పుడల్లా లేపాను. మిగతా నలుగురిని చూసుకుంటూ ఈయన్ని మేలుకొలపడంతో నా తల ప్రాణం తోకకొచ్చింది.

మంగళవారం

ఊయల వార్డు నుంచి కబురు వచ్చింది. ఓదెలు పడ్డప్పటి నుంచి రాజవ్వ బువ్వ ముట్టడం లేదు. పొద్దున నాలుగు గుక్కలు గంజి దిగుతోందట, అంతే.

ఆయనకు చెప్పకూడదనుకున్నాను, కానీ ఆయనే అడిగాడు. అబద్ధం నా వల్ల కాలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర నువ్వు పెట్టు బిడ్డా. గటక మెత్తగ పిసుకు. పచ్చిపులుసుల ముంచు. గదమాయించకు. ఆమెకు పెద్ద సప్పుడు పడది."

నాకు పేషెంట్లు ఐదుగురు, రాజవ్వ ఆరోది. అయినా మొహం చూసి కాదనలేకపోయాను. మధ్యాహ్నం బువ్వబండి నుంచి ఒక గిన్నె జొన్న గటక అడిగి తీసుకుని వెళ్ళాను. ఊగే మంచంలో ముడుచుకుని పడుకుంది, చిన్నపిల్లంత అయిపోయింది మనిషి. ఆయన చెప్పినట్టే మెత్తగా పిసికాను, పులుసులో ముంచాను, అవ్వా అని మెల్లగా పిలిచాను. పెదవులు బిగించుకుంది. కళ్ళు తెరవలేదు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. చేత్తో నా గిన్నె నెట్టేసింది. పులుసు నా చీర మీద పడింది. నీ మొగనికైతే తెరుస్తవు గని నాకు తెరవవా అని కసురుకున్నాను. గదమాయించొద్దని ఆయన చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఓదెలు మంచం అంచు పట్టుకుని, కప్పు నుంచి బొగ్గు పొడి రాలుతోంది పక్కకు జరగమని నన్ను హెచ్చరించాడు.

బుధవారం

మబ్బు పట్టింది. రాయక తప్పదు.

రాత్రి ఆయన తలుపు దాకా వెళ్ళిపోయాడట. రాజవ్వకు బువ్వ యాళైందని గోల చేశాడట. ఇరవై మంచాలకు పోశం ఒక్కడు. పట్టుకోలేక మత్తుసూది వేశాడు. చివరి దాకా వేయకూడదని నియమం. పోశాన్ని తిట్టుదామని నోరు తెరిచి, వాడి కళ్ళు చూసి ఊరుకున్నాను.

సూది దెబ్బకు పొద్దున కూడా తెలివిలోకి రాలేదు. కళ్ళజోడు పెడితే తీసేశాడు. నన్ను చూసి ఫ్యాను సప్పుడు మారింది, పోయి బేరింగు చూడు అన్నాడు. నేను సరోజనను బాపూ, ఇది దవాఖాన అని మొదలుపెడితే మొహం తిప్పుకున్నాడు. చెప్పవలసినవన్నీ చెప్పాను. నీళ్ళు తాగించాను. మధ్యాహ్నమంతా మేలుకొలిపే ఉంచాను. నేను ఎంత గట్టిగా నియమం పాటిస్తే ఈయన అంత దూరం జరిగిపోతున్నాడు. నా ఉద్యోగంలో ఇలా ఎప్పుడూ కాలేదని రాయాలని ఉంది కానీ చాలాసార్లు అయింది. అప్పుడు వయసు మీద పడిందిలే అనుకునేదాన్ని.

డాక్టర్ తబస్సుమ్ రౌండుకు వచ్చి ఆయన కళ్ళలో లైటు వేసి చూసింది. ఆవిడ మంచి మనిషి, పేషెంటు పేరు చూసుకోకుండా పిలుస్తుంది. శనివారం ఎరుక పరీక్ష అని గుర్తుచేసింది. ఇలాగే ఉంటే ఊయల వార్డే అంది. మరి రాజవ్వ సంగతేమిటని అడిగాను. తినకపోతే ముక్కులో గొట్టం వేస్తారట. ఈ వయసులో, ఆ ఒంటికి, గొట్టంతో ఎన్నాళ్ళో బతకదని చెప్పి, నన్ను చూడకుండా పక్క మంచానికి వెళ్ళిపోయింది. ఆయన పరీక్ష తప్పితే ఇద్దరూ పోయినట్టే.

గురువారం

నా తర్వాత రావలసిన మనిషి రాలేదు. రెండు షిఫ్టులూ నేనే చేశాను. రాజవ్వకు బువ్వ పెట్టడానికి మధ్యాహ్నం పోలేదు, సాయంత్రం పోలేదు. ఇంటికి పోవడానికి చెప్పులు వేసుకున్నాక ఆ మాట గుర్తొచ్చింది. పోనీ వదిలేద్దామా అనిపించింది, ఎలాగూ తినదు కదా. కానీ ఆయన పొద్దున ఒక్క నిమిషం తెలివిగా నన్ను చూసి, తిన్నదా, అని అడిగాడు. తిన్నది బాపూ అన్నాను. ఆ అబద్ధం చెవిలో జోరీగలా తిరుగుతోంది. చల్లారిన గటక గిన్నెలో వేసుకుని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను.

ఊయల వార్డులో పలకలన్నీ ఆరిపోయి ఉన్నాయి. తలుపు దగ్గర చిన్న దీపం మాత్రం ఉంది. ఆ మసక వెలుతురులో రాజవ్వ కళ్ళు రెండూ తెరిచి, తలుపు వైపే చూస్తూ పడుకుని ఉంది.

అవ్వా అన్నాను. నా మణికట్టు పట్టీ వణికింది, మూడో కూత. ముద్ద నోటి దగ్గర పెట్టాను. తెరిచింది. నమిలింది. మింగింది. ఇంకోటి పెట్టాను. అలా గిన్నె మొత్తం తిని, మూతి తుడవమన్నట్టు గడ్డం పైకెత్తింది. నేను ఓదెలును కాను. గటక చల్లారిపోయి ఉంది. పులుసు కూడా లేదు.

గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను. ఊయల వార్డు వెనక తలుపు మూడో గల్లీలోకి తెరుచుకుంటుంది. ఆ దారిన నేను ఎప్పుడూ పోను, మాది మొదటి గల్లీ. కానీ దగ్గరి దారి కదా అని అటు తిరిగాను. తలుపు తీయగానే కళ్ళు జిగేలుమన్నాయి. గల్లీ పలకలు ఎర్రగా మొదలై పసుపులోకి తిరుగుతున్నాయి. ఆడవాళ్ళు గుమ్మాల ముందు నీళ్ళు చల్లుతున్నారు. పిల్లలు వేపపుల్లలు నోట్లో పెట్టుకుని తూగుతున్నారు. ఎవరో అంబలి కాస్తున్న వాసన. వాళ్ళకు తెల్లారుతోంది.

ఇందులో కొత్తేమీ లేదు. మొదటి గల్లీకి మొదటి కూతకు, రెండో గల్లీకి రెండో కూతకు, మూడో గల్లీకి మూడో కూతకు తెల్లారుతుందని దిగువూరులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఫ్యాను ఏ గడియా ఆగకూడదని ఊరినే మూడు ముక్కలు చేసి మూడు పొద్దులు పెట్టారు. రెండో కూత పడితే మూడో గల్లీలో దీపాలు ఆర్పి పడుకుంటారు. మూడో కూత దాకా వాళ్ళకు నడిరాత్రి.

ఓదెలు ఇంటి పక్కావిడ నా దవాఖాన చీర చూసి ఆపింది. మామ ఎట్లుండని అడిగింది. పాపం కూత ఇనంగనే గిన్నె పట్టుకొని బయలెల్లెటోడు, ఏడాది నుంచి ఒక్క పొద్దు తప్పలే, అని కళ్ళొత్తుకుంది.

నేను అక్కడే ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. రెండో కూత పడగానే, సరిగ్గా ఆయనకు నిద్ర పట్టే యాళకు, నేను తడిగుడ్డతో మొహం తుడిచి నడిపిస్తున్నాను. ఆయనకు తెల్లారి, భార్యకు బువ్వ పెట్టడానికి చెప్పులు వెతుక్కుంటే పోశం సూది వేస్తున్నాడు. నిద్ర చెడితే మబ్బు పడుతుందని అందరికీ పాఠం చెప్పే నేను, ఐదు రోజులుగా ఆ మనిషికి నిద్ర లేకుండా చేశాను. సోమవారం నాడు ఆయన ఆదివారం అంటే దిద్దాను కూడా. మూడో గల్లీ లెక్కన ఇంకా ఆదివారమే. ఆయనది తప్పు కాదు. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

శుక్రవారం

డాక్టరమ్మ వచ్చేదాకా కోతగది గుమ్మంలో కాపు కాశాను. నేను చెప్పిందంతా నిలబడి విన్నది. తర్వాత అక్కడున్న స్టూలు మీద కూర్చుంది.

"సరోజనక్కా, వార్డుకు ఒకటే పొద్దు ఉంటది," అంది చివరికి. "ఇరవై మంచాల కప్పు ఒక్క మంచం కోసం మార్చలేను."

మార్చమని నేను అనలేదన్నాను. ఒక తార్పాలిన్ ఇప్పించమన్నాను, గనిపనివాళ్ళు తలకు పెట్టుకునే టోపీదీపం ఒకటి ఇప్పించమన్నాను. మంచం చుట్టూ తార్పాలిన్ కట్టేస్తే లోపల చీకటి. మూడో కూతకు దీపం వెలిగిస్తే లోపల తెల్లారుతుంది. కోతగది పనికీ దానికీ సంబంధం లేదు. మరి రేపటి పరీక్ష, అంది. వాయిదా వేయమన్నాను. ఒక్కసారి, అదీ బుధవారం దాకానే వేయొచ్చట. అప్పటికీ తేరుకోకపోతే ఇంక తన చేతుల్లో ఏమీ ఉండదంది. ఆవిడ వార్డులోనే పడుకుంటుంది, ఎప్పుడు తింటుందో ఎప్పుడు నిద్రపోతుందో ఎవరికీ తెలియదు. సంతకం పెడుతూ, నాది ఏ గల్లీ పొద్దో నాకే తెల్వదక్కా, అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే జాలేసింది.

స్టోరులో తార్పాలిన్ ఒకటి రాయించుకున్నాను. ఇంకొకటి రాయించకుండా తెచ్చుకున్నాను. అది రాజవ్వ మంచానికి. అడిగితే అప్పుడు చూసుకుందాం.

రెండో కూత పడగానే ఓదెలు మంచం చుట్టూ తార్పాలిన్ కట్టాను. కళ్ళజోడు తీశాను, చెవిమిషన్ తీశాను. పండుకో బాపూ, మీ గల్లీల దీపాలార్పిన్రు, అన్నాను. ఆయన నా వైపు చూశాడో లేదో తెలియదు. ఒక్క పెద్ద నిట్టూర్పు విడిచి పక్కకు తిరిగాడు. కాసేపటికి గురక వినపడింది. ఆ గురకకు పక్క మంచం ముసలాయన విసుక్కున్నాడు. నాకు మాత్రం ఏ పాటా అంత బాగా అనిపించలేదు.

ఆదివారం

మూడో కూతకు దీపం వెలిగించడానికి ఎవరో ఒకరు ఉండాలి. పోశం వల్ల కాదన్నాడు, అతని కష్టం అతనిది. కాబట్టి పగలు చేసి, ఇంటికి పోయి ఇంత తిని, మళ్ళీ వస్తున్నాను. మోకాళ్ళు నావి కావు. నడుం నాది కాదు. నిలబడి గంజి తాగుతూ కునుకు తీశాను, గిన్నె జారి కాలి మీద పడింది.

టోపీదీపం వెలుతురు ముందు కాళ్ళ దగ్గర, తర్వాత నడుం దగ్గర, తర్వాత మొహం మీద వేస్తాను, తెల్లారినట్టు. నిన్న కళ్ళు తెరిచి ఎవరని అడిగాడు. ఇవాళ అడగలేదు. కళ్ళజోడు కోసం తనే చెయ్యి చాపాడు. లేపి నడిపిస్తే వార్డు చివర దాకా నడిచాడు. సూది అవసరం పడలేదు. కూత వినపడక పాడైపోయిన అని గొణిగాడు. వార్డు గోడలకు దూది కూరిన సంగతి చెప్తే, గీ తెలివి ఎవనిదని అడిగాడు.

రాజవ్వకు మూడో కూతకు ముద్ద పెడుతున్నాను. పెట్టింది పెట్టినట్టు తింటోంది. తార్పాలిన్ సంగతి డాక్టరమ్మ కంటపడింది. ఇదెక్కడిదని అడగలేదు. మందు మాత్రం సగం తగ్గించి రాసింది.

బుధవారం

పరీక్ష పొద్దున పెట్టించాను. కోతగదికి పోయే ముందు డాక్టరమ్మకు కాస్త తీరిక, ఓదెలుకు అది సాయంత్రం లెక్క. ఇద్దరికీ కుదిరింది. స్నానం చేయించి, తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టాను. ఇది తప్పితే ఇంకో పరీక్ష లేదు.

పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. ఏం కోత జరిగిందో చెప్పాడు. మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగితే మూడూ అప్పగించాడు. పలుకుపెట్టె, ఈ రోజు ఏ వారం, అని అడిగింది.

మంగళారం అన్నాడు.

పెట్టె తప్పు అన్నట్టు కూసింది. ఆయనకు ముందే చెప్పి ఉంచాల్సింది, దవాఖాన వారం చెప్పు బాపూ అని. డాక్టరమ్మ చెయ్యి చాపి పెట్టె నొక్కేసింది. అది నోరు మూసుకుంది.

"ఏ గల్లీ లెక్కన బాపూ?" అని అడిగింది.

"మా గల్లీల మంగళారం. మీ దవాఖానల బుధారం," అన్నాడు ఓదెలు. నా వైపు చూపించాడు. "గీమెను అడుగు. నేను సరోజనను బాపూ, ఇది దవాఖాన, అనుకుంట దినాం నా పానం తీస్తది."

డాక్టరమ్మ నవ్వుతూనే సంతకం పెట్టింది. నేను నీళ్ళ కూజా నింపుకొస్తానని బయటికి వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. కూజా నిండి పొర్లిపోయింది.

బిళ్ళ తీసి చేతికిస్తే ఆయన ఇంటికి పోనన్నాడు. తార్పాలిన్‌లో పడుకుని, మూడో కూతకు లేచి, నడకబండి పట్టుకుని నా వెంట ఊయల వార్డుకు వచ్చాడు. గిన్నె నేను పట్టుకున్నాను. రాజవ్వ మంచం దగ్గర తార్పాలిన్ తెర తీసి దీపం వెలిగించాను. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది, పక్కకు చూసింది. ఏడాదిగా ఆమె నోట మాట విన్నవాళ్ళెవరూ లేరు.

"గిన్ని దినాలు యాడ వోయినవ్?" అంది.

ఆయన నడకబండి వదిలేశాడు. నేను వెనక నుంచి పట్టుకోకపోతే ఆ కొత్త తుంటి కూడా విరిగేది. మంచం అంచున కూర్చున్నాడు. ముద్ద కలపడం మొదలుపెట్టాడు. ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి కోపంగా. పడ్డనే, తుంటి ఇరిగింది, అన్నాడు. సూసుకొని నడువొద్దా, అని తిట్టింది. ఆ తర్వాత తిని పడుకుంది. ఇది ఏ ఊరంటే చెప్పలేదు, ఏ వారమంటే అసలే చెప్పలేదు. రేపటికి ఈ మాట కూడా గుర్తుండకపోవచ్చు. కానీ ఆయన రాలేదని ఆమెకు తెలుసు. రోజులు గడిచాయని తెలుసు.

గురువారం

ఊయల వార్డు బయట కూడా బిళ్ళల పలక ఉంది. పండగలకూ పబ్బాలకూ దాని దుమ్ము దులిపేది నేనే. ఇవాళ దులపడానికి కాదు, చూడడానికి నిలబడ్డాను.

గుండ్రంవి అక్కడొకటి ఇక్కడొకటి. నలుపలకలవి కొన్ని. తక్కినవన్నీ మూడు మూలలవే, కింది నుంచి పై దాకా. ఎన్నేళ్ళుగానో అందరి కళ్ళ ముందూ వేలాడుతున్నాయి. మూడో గల్లీవాళ్ళ బుర్రలు మెత్తన అని మొదటి గల్లీలో ఒక వెక్కిరింపు కూడా ఉంది. నేను కూడా అన్నాను ఆ మాట, నవ్వుతూ.

డాక్టరమ్మను తీసుకొచ్చి చూపించాను. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత స్టోరులో ఎన్ని తార్పాలిన్లు ఉంటే అన్నీ రాయమంది. సగం మంచాలకు కూడా రావు. మిగతావాటికి దుప్పట్లు కుడతారట. ఏళ్ళ తరబడి పడుకున్నవాళ్ళలో ఎంతమంది లేస్తారో ఆవిడ చెప్పలేనంది. లేచినా లేవకపోయినా ముందు వాళ్ళను వాళ్ళ రాత్రిలో నిద్రపోనిద్దాం అన్నాను. రాజవ్వ తర్వాతి మంచం ఎవరిదో చూసి అక్కడి నుంచే మొదలుపెట్టాం.

మూడో కూతకు దీపాలు వెలిగించే మనిషి కావాలని పలుకుపెట్టెలో చెప్పించారు. ఎవరూ ముందుకు రాలేదు. పొద్దు మార్చుకోవడమంటే మాటలా, ఇల్లు మారాలి, అలవాట్లు మారాలి, ఇరుగుపొరుగు మారాలి. నాకు నా నిద్ర అంటే ప్రాణం, ఈ దవాఖానలో అందరికీ తెలుసు. తిట్టుకుంటూనే పేరు ఇచ్చాను. మూడో గల్లీలో ఓదెలు ఇంటికి రెండిళ్ళ అవతల గది ఖాళీగా ఉందట.

పోయేలోగా ఒక పని మిగిలింది. నా బిళ్ళ ఇంకా గుండ్రంగానే ఉంది. నాకూ వయసొస్తోంది, ఈ మోకాళ్ళకు ఏదో ఒక నాడు కోత తప్పదు. అప్పుడు నా మంచం పక్కన కూర్చునే మనిషికి నేను ఏ కూతకు లేస్తానో తెలియాలి. పొద్దున్నే బిళ్ళలిచ్చే ల్యాంపురూముకు పోయి, ఇది ఇచ్చి మూడు మూలలది తీసుకుంటాను.